చెట్టు కింది తరుగు

ఎనభై కిలోల జీడిపిక్కల బస్తా గోదాములో దింపితే నెల తిరిగేసరికి డెబ్బై ఎనిమిది తూగుతుంది. పోయిన రెండు కిలోలూ ఎవరూ ఎత్తుకుపోరు. పిక్కలో ఉన్న తడి గాలిలోకి పోతుంది. దాన్ని మేం తరుగు అంటాం. కొనేటప్పుడే ఆ రెండు కిలోలూ తీసేసి లెక్క కడతాం. అమ్మినవాడికీ తెలుసు, కొన్నవాడికీ తెలుసు, తగువు రాదు. అదే బస్తా డెబ్బై రెండు తూగిందనుకోండి, దాన్ని తరుగు అనం. బస్తా విప్పుతాం. అడుగున ఎలుక కన్నమైనా ఉంటుంది, గోదాము తాళం ఇంకొకరి దగ్గరైనా ఉంటుంది.

నర్సీపట్నంలో ముప్పై ఎనిమిదేళ్లు జీడిపిక్కలు, చింతపండు, పసుపు కొన్నాను. గ్రంధి నూకరాజు అంటే తూకంలో మోసం లేదని కొండమీద ఊళ్లలో కూడా అనేవారు. హద్దు దాటిన తరుగును విప్పి చూడకుండా వదిలింది నా జీవితంలో ఒక్కసారే. అది బస్తా కాదు, నాలుగు వందల ఎకరాల తోట. విప్పి ఉంటే ముగ్గురు ఆడవాళ్లు ఈ వేళకు బతికి ఉండేవారు.

తోట ఊటగడ్డ కొండవాలులో ఉంది. కౌలు నాది. దాని నడుమ అరవై అడుగుల ఇనప టవరు నిలబెట్టింది నా మేనకోడలు సువర్చల. మా అక్క పోయాక ఆ పిల్ల మా ఇంట్లోనే పెరిగింది. నా దుకాణంలో కాటా పక్కన కూర్చుని ఎక్కాలు నేర్చుకుంది. పెద్ద చదువులు చదివి, చివరికి చెట్లకీ గాలికీ మధ్య జరిగే ఇచ్చిపుచ్చుకోవడాన్ని కొలిచే పనిలో చేరింది. ఆ కొలతకి తోట కావాలంటే, నా తోట ఉండగా ఇంకొకరిని అడగడమేమిటని నేనే పిలిచాను.

టవరు కొసన ఎదురెదురుగా మూడు జతల సన్నటి పుల్లలు ఉంటాయి. గాలి పైకి ఎంత పోతోంది, కిందికి ఎంత దిగుతోంది అని సెకనుకు ఇరవైసార్లు చూస్తాయి. వాటి పక్కనే ఉన్న గొట్టం ఆ గాలిలో నీటి ఆవిరి ఎంత, బొగ్గుపులుసు వాయువు ఎంత అని చూస్తుంది.

"మార్కెట్ యార్డు గేటు దగ్గర కూర్చుని లోపలికి పోయే బళ్లూ, బయటికొచ్చే బళ్లూ లెక్కపెట్టావనుకో మావయ్యా. లోపల సరుకు పెరుగుతోందో తరుగుతోందో నీకు తెలీదూ? ఇది కూడా అంతే. చెట్టు ఎంత కార్బన్ తీసుకుంటోంది, దానికి బదులుగా ఎన్ని నీళ్లు ఇస్తోంది, అదే లెక్క" అంది.

బదులు అనే మాట నాకు నచ్చింది.

మొదటి వేసవిలో తోటలో పిక్క ఏరడానికి చిలకమ్మ జట్టు వచ్చింది. పాంగి చిలకమ్మది ఊటగడ్డే. ఇరవై ఏళ్లుగా నా తోటల్లో పిక్క ఏరే పద్నాలుగు మంది ఆడవాళ్లకి ఆవిడే పెద్ద. టవరు చుట్టూ ఒకసారి తిరిగి చూసి, నడుం మీద చెయ్యి వేసుకుని నా దగ్గరకొచ్చింది.

"ఈ ఇనప సెట్టు ఏటి కాస్తాది సావుకారూ?"

"అంకెలు కాస్తుంది."

"పిక్కుంటాదా?"

"ఉండదు."

"మరి దీనికాడ నీకేటి పని?" అంది. జట్టంతా నవ్వింది. నేనూ నవ్వాను.

సువర్చల ఆవిడను పిలిచి, ఒక చిటారు కొమ్మకి పాలిథిన్ కవరు తొడిగి, మూతి దారంతో బిగించి కట్టమంది. పొద్దున్న ఏడింటికి కట్టారు. మధ్యాహ్నం చూస్తే కవరు లోపల నీళ్లు చుక్కలు చుక్కలుగా కారి అడుగున చేరి ఉన్నాయి. చిలకమ్మ కవరును వేలితో మీటి చూసింది.

"సెట్టుకి సెమటొచ్చింది" అంది.

"అవును చిలకమ్మా. ఆకుకి కంటికి కనపడని నోళ్లు ఉంటాయి. గాలి కోసం తెరిస్తే నీళ్లు బయటికొస్తాయి. ఆ నీళ్లు పోతేనే ఆకు చల్లబడుతుంది."

"మనిసైనా అంతే గదా. సెమట పట్టకపోతే పేనం పోద్ది."

ఆ మాట నేను అక్కడే నిలబడి విన్నాను. విని ఏం చేశానంటే, జేబులోంచి సాంపుల్ కాటా తీసి కవరు తూచాను. ఖాళీ కవరు నాలుగు గ్రాములు. నీళ్లతో అరవై ఒకటి. ఒక్క కొమ్మకి, ఒక్క పూటకి, యాభై ఏడు గ్రాములు. దాన్ని కొమ్మల లెక్కన, చెట్ల లెక్కన, ఎకరాల లెక్కన హెచ్చవేసుకుంటూ పోయాను. రోజుకి ఇన్ని వందల ట్యాంకర్ల నీళ్లు నా తోట గాలికి ధారపోస్తోందని తేలింది. కింద ఊటగడ్డలో ఆడవాళ్లు గెడ్డలో వాగునీళ్లు ఎండిపోయి మైలున్నర నడిచి నీళ్లు తెచ్చుకుంటున్నారు. నా కంటికి అది చెమటలా కనిపించలేదు. తరుగులా కనిపించింది. నా వ్యాపారంలో సరుకులోంచి పోయే తడి ఎప్పుడూ నష్టమే. ఆ నష్టాన్ని ఆపినవాడు తెలివైనవాడు.

"దీన్ని ఆపే మార్గం లేదా అమ్మా?" అని అడిగాను.

సువర్చల నా కేసి చూడకుండా విప్పిన దారాన్ని వేలికి చుట్టుకుంది. అందులోనే నాకు అర్థమైంది, ఉందని.

*

ఆమె ప్రయోగశాలలో గాజు సీసాల్లో పెంచుతున్న సూక్ష్మజీవికి పొడుగాటి పేరు ఉంది. తోటలో మేం దాన్ని మూత అన్నాం. నీళ్లలో కలిపి ఆకు మీద చల్లితే అక్కడే కాపురం పెడుతుంది. ఆకు నోటిని మూడొంతులు మూసి ఉంచుతుంది. నోరు మూస్తే గాలి ఆడక చెట్టు చావాలి కదా, చావదు. ఈ జీవి తానే బయటి గాలిలోంచి బొగ్గుపులుసు వాయువును పట్టి లోపలికి అందిస్తుంది. చెట్టుకి తిండి తగ్గదు, నీళ్లు మాత్రం ఆదా. పింగాణీ పళ్లెంలో మూత వేసిన మొక్కనూ, వేయని మొక్కనూ పక్కపక్కన పెట్టి నాకు చూపించింది. పదిహేను రోజులు నీళ్లు పోయలేదు. ఒకటి వాలిపోయింది, రెండోది నిక్కి నిలబడింది.

"పది ఎకరాల్లో వేసి మూడు వేసవులు చూడాలి మావయ్యా. అప్పుడు గానీ ఏమీ చెప్పలేం."

"మూడు వేసవులంటే ఊటగడ్డ ఆడవాళ్లు ఇంకెన్ని వేల మైళ్లు నడవాలో లెక్కగట్టావా?"

"అలా అడిగితే నేనేం చెప్పను?"

"ఒక్క వేసవి చూడు. నాలుగు వందల ఎకరాలూ ఇస్తాను."

నేను ఊటగడ్డ ఆడవాళ్ల పేరు చెప్పాను గానీ, నా మనసులో ఉన్నది అదొక్కటే కాదు. టవరు లెక్క చూపిస్తే, తోట మింగిన కార్బన్‌ని తమ ఫ్యాక్టరీల పొగకి బదులుగా కొనేవాళ్లు ఉన్నారు. పరాయి దేశపు కంపెనీ ఒకటి అప్పటికే రెండుసార్లు మనుషుల్ని పంపింది. వాళ్లకి కావలసింది కార్బన్ వరస ఒక్కటే. నీళ్ల వరస ఎవరూ కొనరు. కొనని సరుకు మీద నేను కన్ను వేయను. సువర్చలకి ఆ కంపెనీ సంగతి తెలుసు. కానీ చిన్నప్పుడు ఎక్కం తప్పితే నా మొహం కేసి చూసినట్టే ఆ రోజూ చూసింది. నేను తల ఊపాను. అంతే.

వానలు వెనకబట్టాక, పూత రాకముందు మూత చల్లించాం. ముందు జాగ్రత్తగా సువర్చల రెండు షరతులు పెట్టింది. ఈ జీవి జీడి ఆకు మీద తప్ప బతకదని ముందు తేల్చాలంది. చెట్ల కింద కూడా థర్మామీటర్లు పెట్టాలంది. మొదటి షరతు ఆమె చూసుకుంది, పరీక్షించి బతకదని రాసింది. రెండోదాన్ని నేను మరుసటి ఏటికి, ఆ ఏడు వచ్చాక ఇంకో ఏటికి వాయిదా వేయించాను. కింద ఏముంటుందమ్మా, నీడ ఉంటుంది, అన్నాను.

మొదటి ఏడు మూత ఇంకా పలచగానే పట్టింది. అయినా చెట్లు తాగని నీళ్లు నేలలో మిగిలి, చైత్రంలో ఊటగడ్డ గెడ్డ పారింది. తొమ్మిదేళ్ల తర్వాత వేసవిలో పారడం అదే. చిలకమ్మ మోకాళ్ల దాకా నీళ్లలో దిగి, తట్ట పక్కన పెట్టి, మొహం కడుక్కుంది.

"సావుకారూ, ఈ నీళ్లు కూడా తూసీసి అమ్మీవు గదా?" అని అరిచింది.

"నీకు తరుగు తీసి ఇస్తాలే" అన్నాను.

ఆ సాయంత్రం ఊళ్లో మాకు కోడిని కోశారు. సువర్చల తినలేక తినలేక తింది. ఆమె అంత సంతోషంగా ఉండగా చూడటం నాకు అదే ఆఖరు.

*

టవరు లెక్క ఎలా ఉంటుందో ఒక్క మాట చెప్పాలి, లేకపోతే జరిగింది అర్థం కాదు. తోట మీద పడ్డ ఎండను వంద అనుకుందాం. అది ఎక్కడికో పోవాలి. కొంత వేడిగాలిగా పైకి లేస్తుంది, కొంత ఆవిరి రూపంలో పోతుంది, కాస్త నేలలో ఇంకుతుంది. మూడూ కూడితే వంద రావాలి. ఎప్పుడూ రాదు. ఎనభై ఐదు దగ్గర ఆగిపోతుంది. ఏ దేశంలో ఏ టవరుకైనా అంతేనట. ఆ పదిహేను ఎక్కడికి పోతుందని పండితులు ఎన్నో ఏళ్లుగా కొట్టుకుంటూనే ఉన్నారట.

టవరు నిలబెట్టిన మొదటి ఏడు సువర్చల ఈ సంగతి చెప్పినప్పుడు నేను నవ్వేశాను. "దానికింత బాధెందుకే? తరుగు అని రాసుకో" అన్నాను. ఆమెకీ నవ్వొచ్చింది. తన నోటుపుస్తకంలో ఆ వరస పైన నిజంగానే తెలుగులో 'తరుగు' అని రాసుకుంది. ప్రతి వారం ఆ గడిలో పద్నాలుగో, పదహారో పడేది.

మూత వేశాక రెండో వేసవి వచ్చింది. మూత బాగా పట్టింది. ఆకులు నూనె రాసినట్టు మెరుస్తున్నాయి. కాపు విరగకాసింది. ఆ ఏడు ఎండలు కూడా అలాగే ఉన్నాయి. ఒక సోమవారం పొద్దున్న పదింటికి తోటలో కాటా దగ్గర కూర్చుని ఉంటే చిలకమ్మ వచ్చింది. మొహం కందిపోయి ఉంది. తట్టలో సగమే పిక్క ఉంది.

"సావుకారూ, నీడ మాడతంది."

"వేసవిలో నీడ కూడా వేడిగానే ఉంటుంది చిలకమ్మా."

"ఇరవయ్యేళ్ల నుండి ఏసంగి సూడనేదా నేను? ఎండలోంచి సెట్టు కిందకెల్తే సల్లగుండీది. ఇప్పుడు సెట్టు కింద నుంచి ఎండలోకొస్తే సల్లగుంటంది. ఏటిది?"

జీడిచెట్టు ఎలా ఉంటుందో చూసినవాళ్లకి తెలుసు. కొమ్మలు గొడుగులా చుట్టూ నేలదాకా వంగి ఉంటాయి. పిక్క ఏరాలంటే వంగి, ఒక్కోచోట పాకి లోపలికి పోవాలి. లోపల గాలి ఆడదు. ఆవిడ చెప్పింది విని నేను లేచి, పది అడుగులు వేసి, ఆ చెట్టు కిందికి తల దూర్చి ఉంటే సరిపోయేది. పది అడుగులే.

"తొమ్మిదికే దిగిపోతాం. మళ్లీ సందేల వొస్తాం" అంది.

"తొమ్మిదికి దిగిపోతే పిక్క ఎవరేరతారు? మబ్బు పట్టి నాలుగు చినుకులు పడితే నల్లబడి చస్తాయి."

"నువ్వేరు. కాటా కాడ కూకోడం కన్నా కట్టమేటి?"

"పన్నెండు దాకా చెయ్యండి."

"తొమ్మిది."

"పదకొండు. మజ్జిగ కుండ నేను పంపిస్తాను."

చిలకమ్మ నా కేసి అదోలా చూసింది. "నాను బేరానికి రానేదు సావుకారూ" అంది.

నేను లోలోపల నవ్వుకున్నాను. ముప్పై ఎనిమిదేళ్లలో నా కాటా ముందు నిలబడిన ప్రతి మనిషీ ఆ మాటే అన్నాడు. బేరానికి రాలేదండీ, ఉన్నమాట చెబుతున్నానండీ, అని. పసుపు పుచ్చిందన్నవాడూ, ఎద్దు కుంటిదైందన్నవాడూ, ఇంట్లో జ్వరమన్నవాడూ. ఎదుటి మనిషి నొప్పి చెబితే అది ధరకి మొదటి మెట్టు అని నా బుర్ర ఎప్పుడో ఖాయం చేసుకుంది. పదకొండుకి ఒప్పించాను. ఆవిడ తట్ట ఎత్తుకుని వెళ్లిపోయింది.

గంట తర్వాత టవరు కింద ఉన్న రేకుల గదిలో సువర్చల నన్ను పిలిచి నోటుపుస్తకం చూపించింది. తరుగు వరసలో ముప్పై ఎనిమిది ఉంది.

"పోయిన వారం ముప్పై ఒకటి. అంతకుముందు ఇరవై ఆరు" అంది. "ఆవిరి తగ్గింది, అది మనం అనుకున్నదే. ఆ మేరకి వేడిగాలి పెరగాలి. పెరిగింది గానీ చాలదు. మిగతాది ఎక్కడుంది మావయ్యా?"

"పుల్లలు పాడయ్యాయేమో."

"మొన్ననే సరిచూశాను. అవి బాగానే ఉన్నాయి. వేడి టవరు దాకా రావడంలేదేమో అనిపిస్తోంది. మధ్యలో ఎక్కడో ఆగిపోతోంది." పెన్ను ఆ గడి మీద ఆనించింది. "కింద థర్మామీటర్లు ఉంటే బాగుండేది."

కంపెనీ మనుషులు గురువారం వస్తున్నారు. తోట చూసి, లెక్క చూసి, ఈ కొండల్లో ముప్పై వేల ఎకరాలకి మూత వేసే సంగతి తేల్చుకుంటారు. నోటుపుస్తకంలో ప్రశ్నార్థకం పెడితే వాళ్లు ఇంకో ఏడు ఆగుతారని నాకు తెలుసు.

"చెట్ల కింద పనిచేసేవాళ్లు ఎవరైనా ఏమైనా అంటున్నారా మావయ్యా?" అని అడిగింది.

ఇప్పటికీ ఆ ప్రశ్న నాకు అదే గొంతుతో వినిపిస్తుంది. అనుమానంతో అడగలేదు. నమ్మకంతో అడిగింది.

"ఏమీ లేదమ్మా" అన్నాను. "గురువారం కానీ. ప్రస్తుతానికి తరుగు కిందే రాసెయ్."

ముప్పై ఎనిమిదంటే ఎనభై కిలోల బస్తాలో ముప్పై కిలోలు మాయమైనట్టు. అలాంటి బస్తా గోదాములో కనిపిస్తే నేను ఆ పూట అన్నం తినకుండా విప్పించేవాణ్ణి.

సువర్చల ఆ గడి కింద సంతకం పెట్టింది.

*

బుధవారం పదిన్నరకి చిలకమ్మ కూతురు దాలమ్మ కాటా దగ్గరకి పరిగెత్తుకొచ్చింది. చేత్తో చూపించింది.

ముందు పడిపోయింది ఇద్దరు. చెట్టు కింద లోపలికంటా పాకి, అక్కడే ఉండిపోయారు. చిలకమ్మ వెళ్లి ఒకామెను కాళ్లు పట్టి బయటికి ఈడ్చింది. రెండో ఆమె కోసం మళ్లీ వెళ్లింది, తీసుకొచ్చింది. అప్పుడు పక్క వరస నుంచి ఇంకెవరో కేక వేస్తే అక్కడికి కూడా వెళ్లింది. ఆ చెట్టు కింద నుంచి ఆవిడ రాలేదు.

మేం వెళ్లేసరికి ఆడవాళ్లందరూ ఎండలో కూర్చుని ఉన్నారు. చైత్రమాసపు ఎండలో, నెత్తిన గుడ్డ కూడా లేకుండా, చెట్లకి దూరంగా. నేను కొమ్మ ఎత్తి లోపలికి వంగాను. పొయ్యి మీంచి కుండ మూత తీసినప్పుడు మొహానికి కొట్టే సెగ లాంటిది కొట్టింది. ఆ సెగలో తడి లేదు. చిలకమ్మని బయటికి లాగినప్పుడు నా చేతికి తగిలిన ఒళ్లు కాలుతోంది. పొడిగా ఉంది. ఒక్క చుక్క చెమట లేదు.

జీపులో నలుగుర్ని ఎక్కించాం. ఆస్పత్రి నలభై నిమిషాల దూరం. ఒక్క మనిషి బతికింది. ఆవిడ ఇప్పటికీ పేర్లు మర్చిపోతుంది.

సాయంత్రం నాలుగింటికి నేను తోటకి తిరిగొచ్చాను. సువర్చల చెట్ల కింద పాకుతూ తిరుగుతోంది. మోచేతులు గీరుకుపోయి ఉన్నాయి. చేతిలో మామూలు థర్మామీటరు. పొద్దు వాలుతున్నా బయట నలభై రెండు, చెట్టు కింద యాభై ఒకటి. ఇంకో చెట్టు కింద యాభై. ఇంకో చెట్టు కింద యాభై రెండు.

"దొరికింది మావయ్యా" అంది. థర్మామీటరు నాకు చూపించింది. "ఇక్కడుంది. టవరు పైన ఎంత వెతికినా ఎలా కనిపిస్తుంది? చెట్టు చెమట పోయకపోతే ఆకు కాలుతుంది. ఆకు కాలితే కింద గాలి కాలుతుంది. కదలని గాలి అది, పైకి రాదు. ముప్పై ఎనిమిదీ ఇక్కడే ఉంది."

మర్నాడు ఊటగడ్డలో మూడు పాడెలు లేచాయి. మమ్మల్ని ఎవరూ తిట్టలేదు. దాలమ్మ మాత్రం సువర్చల ముందుకొచ్చి నిలబడింది.

"మాయమ్మ సావుకారికి సెప్పింది గదా. నీడ మాడతందని సోమారమే సెప్పింది. సెప్పినాక కూడా నువ్వేటి సెయ్యనేదేటమ్మా?"

సువర్చల మెల్లగా నా వైపు తిరిగింది.

"బేరం అనుకున్నాను" అన్నాను. నా దగ్గర ఉన్న నిజం అదొక్కటే.

"బేరమా" అంది. అడిగినట్టు కాదు, రాసుకున్నట్టు.

ఇంటికొచ్చాక నేను ఒక ప్రయత్నం చేశాను. అది కూడా దాచను. "ఈ ఏడు జిల్లా అంతా వడదెబ్బ చావులే. ఇవి కూడా వడదెబ్బే కదా, అలా రాస్తే తప్పేమిటి? నీ చదువు, నీ ఉద్యోగం..." అన్నాను.

"వడదెబ్బే. దాన్ని తయారుచేసింది మనం" అంది.

విచారణలో ఏదీ దాచలేదు. నోటుపుస్తకం ఇచ్చేసింది. తరుగు అని పెట్టిన పేరు ఎవరిదో, సంతకం ఎవరిదో, థర్మామీటర్లు వాయిదా వేసింది ఎవరో, సోమవారం నేనేం చెప్పానో అన్నీ చెప్పింది. ఉద్యోగం పోయింది. గురువారం రావలసిన కంపెనీ మనుషులు రాలేదు, మళ్లీ ఉత్తరం ముక్క కూడా రాయలేదు. నాకు కౌలు రద్దు చేశారు. ఇంకేమీ చేయలేదు. చేయవలసినంత చట్టం లేదన్నారు.

కౌలు అప్పజెప్పేలోగా నాలుగు వందల ఎకరాలూ కొట్టి తగలబెట్టించింది నేనే. కూలికి ఎవరూ రాకపోతే పై ఊళ్ల నుంచి మనుషుల్ని తెప్పించాను. జీడి పొగ ఒంటికి తగిలితే పొక్కుతుంది. పదకొండు రోజులు తగలబడింది. గెడ్డ మాత్రం ఆ ఏడు వేసవంతా పారింది. ఊటగడ్డ వాళ్లు ఆ నీళ్లే తాగారు. తాగక ఏం చేస్తారు?

*

అక్కడితో పోయి ఉంటే నేను ఈ కథ రాసేవాణ్ణి కాదు.

జీడి ఆకు మీద తప్ప బతకదని సువర్చల రాసింది అబద్ధం కాదు. పరీక్షించిన రోజున అది నిజమే. నాలుగు వందల ఎకరాల్లో, రెండేళ్లలో, కోట్ల కోట్ల తరాలు గడిచాక ఎక్కడో ఒక జీవి మామిడాకు మీద బతకడం నేర్చుకుంది. మేం తోట తగలబెట్టేటప్పటికే అది దుమ్ముతో పాటు కొండ దాటింది.

సువర్చల ఊటగడ్డలోనే ఒక గది తీసుకుని ఉండిపోయింది. జీతం లేదు, టవరు లేదు. దాలమ్మా, జట్టులో మిగిలిన ఆడవాళ్లూ పాలిథిన్ కవర్లు పట్టుకుని ఆమె వెంట తిరుగుతారు. చింత, మామిడి, టేకు, ఇప్ప, ఏ చెట్టు కనిపిస్తే దానికి ఒక కొమ్మకి కవరు కడతారు. పొద్దున్న ఏడింటికి కట్టి సాయంత్రం నాలుగింటికి విప్పుతారు. నీళ్లుంటే చెట్టు క్షేమం. పొడిగా ఉంటే ఎర్రగుడ్డ కట్టి, ఆ చెట్టు కిందికి ఎవరూ వెళ్లకూడదని చుట్టుపక్కల చెప్పి వస్తారు. మొదటి ఏడు పొడి కవర్లు ఊటగడ్డ నుంచి మూడు కిలోమీటర్ల దాకా. మరుసటి ఏడు పదకొండు. ఈ శివరాత్రికి ఇరవై రెండు.

నాతో ఫోన్లో మాట్లాడుతుంది. ఇంటికి రాదు. అప్పటి నుంచి నన్ను మీరు అంటోంది.

మొన్న నేనే అడిగాను. "నాకూ ఏదో ఒక పని చెప్పమ్మా. ఊరికే కూర్చోలేకపోతున్నాను."

"మీ పెరట్లో జామచెట్టు ఉంది కదా. దానికి ఒక కవరు కట్టండి. మీకు తూకం వచ్చు" అంది.

ఊటగడ్డ నుంచి నర్సీపట్నం ముప్పై ఒక్క కిలోమీటర్లు. ఇంకా తొమ్మిది కిలోమీటర్ల తేడా ఉందని లెక్క వేసుకున్నాను. నిన్న పొద్దున్న ఏడింటికి, ఖాళీ కవరు సాంపుల్ కాటాలో పెట్టి తూచాను. నాలుగు గ్రాములు. చిటారు కొమ్మకి తొడిగి దారం బిగించాను. జామాకులు నిగనిగలాడుతున్నాయి. నీళ్లు పోయక నాలుగు రోజులైనా ఒక్క ఆకు వాలలేదు. మా ఆవిడ మంగతాయారు చూసి మురిసిపోయింది కూడా.

మూడింటికి మంగ రోజూలాగే గోంగూర చేట తీసుకుని జామచెట్టు కింద కుర్చీలో కూర్చుంది. కాసేపటికి కొంగుతో విసురుకుంది.

"ఏటండీ ఇది, చెట్టు కింద కూడా కూర్చోలేకపోతున్నాను" అంది.

ముప్పై ఎనిమిదేళ్ల వ్యాపారంలో మొదటిసారి ఒక మనిషి మాట నాకు బేరంలా వినిపించలేదు.

నాలుగు దాకా ఆగాలని సువర్చల చెప్పింది. ఆగాను. నాలుగింటికి కొమ్మ వంచి, దారం విప్పి, కవరు జాగ్రత్తగా తీసి లోపలికి పట్టుకెళ్లాను. కాటాలో పెట్టాను. నాలుగు గ్రాములు. కాటా మీద నమ్మకం లేక రాయి వేసి సరిచూశాను. కాటా బాగానే ఉంది. మళ్లీ పెట్టాను. నాలుగు. కవరు తిరగేసి వేలు లోపలికి పెట్టి తడిమాను. పొడిగా ఉంది. పొద్దున్న ఏడింటి నుంచి సాయంత్రం నాలుగింటి దాకా ఒక్క గ్రాము తరుగు లేదు.

ఫోన్ మోగింది.

"చూశారా? కవర్లో ఏమైనా ఉందా?" అంది సువర్చల.

"ఏమీ లేదమ్మా."

అటువైపు దూరంగా ఆడవాళ్ల మాటలు వినిపిస్తున్నాయి. దాలమ్మ ఎవరినో పిలుస్తోంది.

"ఆ మాట మీరు ఇదివరకు ఒకసారి చెప్పారు" అంది.

"అప్పుడు అబద్ధం చెప్పాను. ఇప్పుడు వచ్చి నువ్వే తూచుకో."

"వస్తాను" అంది. "మావయ్యా, చెట్టు కింద ఎవరైనా ఉన్నారా?"

కిటికీలోంచి చూశాను. మంగ కొంగు భుజాన వేసుకుని గోంగూర కాడలు తుంచుతోంది. మొహం కందిపోయి ఉంది.

ఫోన్ అలాగే బల్ల మీద పెట్టేసి పెరట్లోకి వెళ్లాను. "లే" అన్నాను. ఎందుకని అడిగింది. చెప్పలేదు. చెయ్యి పట్టి లేపి, ఆవిడ కుర్చీని ఎండలోకి జరిపాను.